నీ జీను పంపను

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశానే తప్ప ఈసారి అవి మనసులోంచి వచ్చినవి కావు. ముందే చెప్పేస్తే నీకూ నాకూ మంచిది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. శాలలో పదకొండు గుర్రాలూ క్షేమం. పన్నెండోది, నీ బూడిద, క్షేమంగా లేదు. నువ్వు అక్కడ నిక్షేపంలా ఉన్నావని నీ ఉత్తరంలో తిట్లు చూస్తేనే తెలిసింది.

శిక్షణ శిబిరంలో ఆదివారం తప్ప ఫోన్ చేతికివ్వరని రాశావు. ఇచ్చినా నేను చెయ్యను. ఫోన్లో నువ్వు నా మాట ఏనాడు పూర్తి కానిచ్చావు గనక? "సరేలే అక్కా, నీకు తెలీదు" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ బాధ లేదు. చింపితే చింపు, కాకపోతే చివరిదాకా చదివి చింపు.

"బూడిద ఎలా ఉంది, ఇంకా నాటకాలాడుతోందా" అని అడిగావు. ఆ ముక్క చదివి ఉత్తరం బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయాను. నాటకాలట. నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. ఈ మూడు వారాలూ, పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసిన ఒక్క పూట తప్ప, దాని మీద జీను వెయ్యలేదు, మనిషిని ఎక్కనివ్వలేదు. రోజూ పొద్దున్నే మైదానంలో ఇసుక చదును చేసి, తాడు పట్టి నడిపించి, అడుగులు చూశాను. ముందు గిట్ట పడిన చోటుకి వెనక గిట్ట చేరాలి, ఇంకా బాగుంటే దాటాలి. ఇది నాన్న మనిద్దరికీ పలక పట్టకముందే నేర్పాడు. నువ్వు ఎక్కినన్నాళ్ళూ దాని వెనక కుడికాలు నాలుగు వేళ్ళు తక్కువ పడేది. ఇప్పుడు చేరుతోంది. నీ తలకెక్కేలా చెప్పాలంటే, నువ్వు లేకపోతే దానికి కుంటు లేదు.

"ఇంజెక్షన్ ఇప్పించి గురువారం లారీ ఎక్కించు, ఎంపిక పోటీ అయ్యాక విశ్రాంతి ఇద్దాం" అని రాశావు. ఎంత తేలిగ్గా రాశావురా. సూది పొడిస్తే నొప్పి కారణం ఎక్కడికీ పోదు, నొప్పి అని చెప్పే దారి పోతుంది. నొప్పి తెలియని కాలుతో అది నీకోసం కంచెలన్నీ దూకుతుంది. దూకుతుందని నాకు తెలుసు, అదే నా భయం. ఇంత నోట్లో నాలుక లేని గుర్రాన్ని నేను చూడలేదు. నువ్వు పగ్గాలు బిగించి దాని గడ్డం ఛాతీకి ఆనించి, "మెడ ఎంత అందంగా వంచిందో చూడండి" అని అందరికీ చూపిస్తావే, అప్పుడు దాని వీపు కిందికి కుంగిపోతుంది. వీపు కుంగితే వెనక కాళ్ళు కడుపు కిందికి రావు. అప్పుడు నీ బరువంతా ముందుకాళ్ళ మీదా నడుం మీదా పడుతుంది. మెడ వంగడం వెనకనుంచి మొదలవ్వాలని స్వారీ మాస్టరుగారు నీకు వందసార్లు చెప్పారు. నువ్వు చెవిన వేసుకుంటేగా. గుర్రం మీద కూర్చోవడమంటే దానికి అడ్డం రాకపోవడం అనేవాడు నాన్న. నువ్వు నిలువెల్లా అడ్డమే.

"ఆ ముసలాయన్ని మళ్ళీ శాలలోకి రానివ్వలేదు కదా" అని కూడా అడిగావు. లాడాల బాబాయ్ సంగతి తరవాత రాస్తాను. ఇప్పుడు రాస్తే కలం విరుగుతుంది.

ఇక నీ చివరి ప్రశ్న. "ఇక్కడి జీన్లన్నీ వంకరగా ఉన్నాయి, ఏ గుర్రమెక్కినా కుడికి జారుతున్నాను, బూడిదతోపాటు నా జీను పంపు, నీ చేతి పని ముందు ఇవన్నీ దండగ" అని రాశావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను మెచ్చుకున్నది ఇదొక్కసారే. ఆ మెప్పుకి నేనెంత తగినదాన్నో విను.

పోయిన మంగళవారం డాక్టరమ్మ వచ్చింది. ముందు బూడిదని ఖాళీ వీపుతో నడిపించింది. బాగుంది. పొడుగు తాడు కట్టి రెండు వైపులా తిప్పింది, చిన్న పరుగు తీయించింది. బాగుంది. "ఇప్పుడు దాని జీను వేసి ఎవరినైనా ఎక్కించండి" అంది. మాస్టరుగారి భార్య ఎక్కింది. ఆవిడ ఎంత తేలిగ్గా కూర్చుంటుందో నీకు తెలుసు. మూడు చుట్లు తిరిగేసరికి వెనక కుడికాలు ఈడవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆపి, జీను తీయించి, వీపు చూసింది. ఒళ్ళంతా చెమట పట్టింది, భుజం వెనక కుడివైపు మాత్రం అరచేతి మేర పొడిగా ఉంది. చెమట కూడా పట్టనంత గట్టిగా అక్కడ జీను నొక్కిందన్నమాట. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టింది. కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. ఎడమవైపు చూస్తే నిండుగా ఉంది.

తరవాత జీనుని బోర్లా తిప్పి, గుర్రం వీపుకి ఆనే రెండు ఉన్ని మెత్తలూ వేళ్ళతో నొక్కి చూసి, "ఇది ఎవరు నింపారు?" అని అడిగింది.

"పాతదండీ, ఎప్పటిదో" అన్నాను.

ఆవిడ నా బొటనవేలి మీద సూది కాయలు చూసింది. "ఈ చుట్టుపక్కల జీన్లు కుట్టేది మీరొక్కరే కదమ్మా" అంది. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

నింపింది నేనే. పద్నాలుగు నెలలుగా నేనే నింపుతున్నాను. నీకు చెప్పలేదు.

నువ్వు పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుని, మంచం దిగి, మొదటిసారి మళ్ళీ గుర్రమెక్కిన రోజు గుర్తుందా? ఆ కాలు బిగుసుకుపోయి బరువంతా కుడి పిరుదు మీద వేసి కూర్చున్నావు. మైదానంలో ఎవడో "జారిపోయిన మూటలా ఉన్నాడు" అని నవ్వాడు. ఇంటికొచ్చి బూట్లు గోడకేసి కొట్టి, నాలుగు రోజులు అటు తిరిగి పడుకున్నావు. అన్నం పెడితే కంచం తోసేశావు. అమ్మ నా పనిగదిలోకి వచ్చి, "ఏదో ఒకటి చెయ్యవే, వాడు నిటారుగా కూర్చుంటే చాలు" అని ఏడ్చింది.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆరు నెలలు నిన్ను గుర్రమెక్కనివ్వకూడదు. తుంటికి వ్యాయామం చేయించాలి. తరవాత పాదాలు పెట్టే రికాబులు తీసేసి తాడు మీద తిప్పుతూ మొదట్నుంచీ కూర్చోవడం నేర్పాలి. ఆ మాట నీతో అనే ధైర్యం ఎవరికుంది? అంటే ఇల్లు పీకి పందిరి వేసేవాడివి. నేను తేలికైన పని చేశాను. కుడి మెత్త కుట్టు విప్పి ఒక గుప్పెడు ఉన్ని కూరి మళ్ళీ కుట్టేశాను. మర్నాడు నువ్వు గీత గీసినట్టు కూర్చున్నావు. "చూశావా అక్కా, తుంటి బాగైపోయింది" అన్నావు. నేను నవ్వాను.

రెండు నెలలకి ఆ ఉన్ని కింద కండ కరిగింది. జీను మళ్ళీ ఒరిగింది, నువ్వూ ఒరిగావు. ఇంకో గుప్పెడు కూరాను. మళ్ళీ కరిగింది, మళ్ళీ కూరాను. వీపు తగ్గిన చోట జీను నింపాలన్నది మా పనిలో మామూలు మాటే. ఎందుకు తగ్గిందో చూడకుండా నింపకూడదన్నదీ మామూలు మాటే. మొదటిది చేశాను, రెండోది మింగేశాను. నీ ఒంట్లో వంకర తీసుకెళ్ళి దాని వీపులో కుట్టేశాను.

నీ మీద జాలితో చేశానని మురిసిపోకు. నీ మొహం చూడలేక చేశాను. నువ్వు ఇంట్లో ఉంటే ఇంట్లో గాలి ఆడదు. గుర్రమెక్కి బయటికి పోతే చాలనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఉన్ని సంగతి తెలియకపోయినా, తుంటి విరిగినవాడు కూడా నిటారుగా కూర్చునే జీను కుట్టిన చెయ్యి అని మైదానంలో నా గురించి చెప్పుకునేవారు. అది నాకు బాగుండేది. చాలా బాగుండేది.

ఇప్పుడు బాబాయ్ సంగతి. ఆయన మన శాలకి లాడాలు కొట్టడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు. బూడిద కుంటడం మొదలవగానే నువ్వు ఆయన్ని మైదానం మధ్యలో నిలబెట్టి, "కళ్ళు కనపడవు, చేతులు వణుకుతాయి, మేకు లోతుగా దింపి నా గుర్రాన్ని పాడుచేశావు" అన్నావు. ఆయన పనిముట్ల పెట్టె నువ్వే గేటు బయట పెట్టావు. నేను అక్కడే ఉన్నాను. కడుపు పట్టీకి బకిల్ కుడుతున్నాను. తల ఎత్తలేదు. ఆ మాట పాకి ఇంకో మూడు శాలలవాళ్ళు ఆయన్ని రావద్దన్నారు.

డాక్టరమ్మ వెళ్ళిన మర్నాడు ఆయనింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని, పని లేకపోయినా, ఆకురాయి తుడుచుకుంటున్నాడు. నిలబడే చెప్పాను, మొత్తం చెప్పాను. కూర్చోమనలేదు.

"ఎన్ని నెలలు?" అన్నాడు.

"పద్నాలుగు, బాబాయ్."

ఆకురాయి పక్కన పెట్టాడు. తరవాత, "ఆ కుడికాలు ఎత్తినప్పుడల్లా లాక్కునేది. నా చెయ్యే సరిగ్గా లేదేమో అనుకున్నా. నువ్వు నమ్మవు, రోజూ గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని పట్టుకుని చూసుకునేవాణ్ణి, వణుకుతోందేమో అని" అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన కరగలేదు, కరగాల్సిన అవసరమూ లేదు.

"నా దగ్గర ఏడిస్తే ఏం లాభం? నన్ను తిట్టింది అందరి ముందు. ఇదీ అందరి ముందే చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

చెప్పాను. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం జతచేసి పోటీ కమిటీకి ఉత్తరం పంపాను. ఈ గుర్రాన్ని పది నెలలు ఎవరూ ఎక్కకూడదని, కారణం నేను దొంగచాటుగా నింపిన జీను అని, లాడాలలో ఏ లోపమూ లేదని నా సంతకంతో రాశాను. ఎంపిక పోటీలోంచి బూడిద పేరు తీసేశారు. అదే ఉత్తరం నకలు మన శాల బోర్డు మీద, దాణా పట్టిక పక్కన అంటించాను. నిన్న ఇద్దరు వాళ్ళ జీన్లు తెచ్చి, నా ముందే మెత్తలు నొక్కి చూసుకుని పట్టుకెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ పనిలో ఎవరూ నా కుట్టు తడిమి చూసింది లేదు. చూసుకోనీ.

నువ్వు ఈ సంవత్సరం ఎంపిక కావు. నాకు తెలుసు. నీకు అంతకంటే పెద్ద విషయం లేదనీ తెలుసు. అక్క కడుపులో పెట్టుకుని పెంచినట్టే పెంచి నడుం విరిచిందని అనుకో, నాకు అభ్యంతరం లేదు. లారీ డ్రైవర్ని రావద్దన్నాను. గుర్రం కాగితాలు నీ పేరున ఉన్నాయి, నువ్వే లారీ తెచ్చుకుని తీసుకుపోతానంటే నేను ఆపలేను. ఆ గుంటలో ఒకసారి చెయ్యి పెట్టి చూసి, ఆ తరవాత తీసుకుపో. జీను మాత్రం రాదు. మెత్తలు రెండూ కోసేసి ఉన్ని కుప్ప పోశాను. పంపడానికి ఏమీ మిగల్లేదు.

నాకు జవాబు రాయకు. ముందు బాబాయ్‌కి రాయి. ఒక్క ముక్క రాసినా సరే, నీ చేత్తో రాయి. అది రాశాక ఇంటికి రా. నీ మీద నాకు ప్రేమ పొంగుకొచ్చి పిలుస్తున్నానని అనుకోవద్దు, నువ్వు ఇంకో గుర్రాన్ని పాడుచెయ్యకుండా పిలుస్తున్నాను. నిన్ను మొదట్నుంచీ నేర్పించే ఓపిక ఈ లోకంలో ఇంకెవరికీ లేదు. మన లావుపాటి ముసలి గుర్రం ఉంది. జీను లేకుండా, రికాబులు లేకుండా దాని మీద కూర్చోబెట్టి, తాడు నేను పట్టుకుంటాను. ఎంతమంది నవ్వినా సరే, మైదానం మధ్యలోనే తిప్పుతాను. తిడతాను కూడా, నీ చెవులు చిల్లులు పడేలా తిడతాను. మొదటి నెలంతా నువ్వు పడుతూనే ఉంటావు. కుడికే పడతావు. నేను ఆ వైపే నిలబడి ఉంటాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ అక్క