ముందు షాఫ్ట్ తీయించిన జీపు

బోధన్, మంగళవారం రాత్రి

నా ముసలి జీపు ఈ వారం లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువే ఇచ్చింది. మెకానిక్ ఖాజాభాయి మాట విని, ముందు చక్రాలను తిప్పే షాఫ్ట్ ఊడదీయించాను. "ఎనక చక్రాలతోనే నడుస్తది అన్న, డీజిల్ తక్కువ తాగుతది" అన్నాడు. నిజమే.

ఇవాళ రుద్రూర్ దగ్గర చెరుకు తోటలు చూడడానికి నా జీపును కిరాయికి పెట్టుకున్న చక్కెర ఫ్యాక్టరీ సారును తీసుకెళ్లాను. నిన్నటి వానకు నల్లరేగడి నానిపోయి ఉంది. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, ఇరుసుదాకా కూరుకుపోయాయి. చివరికి ఎడ్లను కట్టి లాగించాల్సి వచ్చింది. సారు మోకాళ్లదాకా బురదతో నిలబడి కూడా కోప్పడలేదు. తిట్టినా బాగుండేది.

"బురదల నడుస్తదనే గద నీ బండి పెట్టుకున్నది. రేపటి సంది వేరే జీపు చూసుకుంట" అన్నాడు.

మళ్లీ బిగిద్దామంటే, ఆ షాఫ్ట్‌ను ఖాజాభాయి అప్పుడే ఎవరికో అమ్మేశాడు. అమ్ముకొమ్మన్నది నేనే. నాకెందుకొచ్చిన తెలివి ఇది.

ఇంట్లో నా భార్య రూతుకు ఏమీ చెప్పలేదు. అన్నం వడ్డిస్తూ అడిగింది: "ఇప్పుడన్నా డీజిల్ మిగులుతున్నదా?"

మిగులుతుందన్నాను. అబద్ధం కాదు. పొద్దునే ట్యాంకు నింపించాను. ఇక అదంతా మిగిలేదే.