పేజీ నెత్తిన తమ్ముడి పేరు

రజబ్ నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, కార్డు చూసి కంగారు పడకు.

నీ తమ్ముడి పాటల పుస్తకం ఒకసారి చూసుకోమని అచ్చాఫీసు నుంచి ఉస్తా షుక్రీ కబురు పెడితే వెళ్లాను. కుడి పేజీ నెత్తిన పుస్తకం పేరు, ఎడమ పేజీ నెత్తిన "మర్హూమ్ హిల్మీ" అని ఉంది. పేజీ తిప్పితే మళ్లీ మర్హూమ్. ఎన్ని తిప్పినా పోయినవాడు, పోయినవాడు అనే.

"ఇన్నిసార్లు ఎందుకు కొట్టావయ్యా?" అన్నాను.

"ఒక్కసారే కొట్టానమ్మా, మిషనే అన్ని పేజీలకూ వేసుకుంటుంది. మీ పెద్దబ్బాయే చెప్పి వెళ్లారు. ఆ మాట కనిపించినప్పుడల్లా చదివేవాళ్లు ఆయన కోసం అల్లాకు దువా చేస్తారు కదా."

"తీసెయ్."

"తీస్తే లోపల చూసినవాళ్లు బతికే ఉన్నాడనుకుంటారమ్మా!"

"అనుకోనీ నాయనా."

నువ్వు చెప్పందే మార్చడట. వచ్చే గురువారం అచ్చుకెక్కిస్తాడట. కార్డు అందగానే అతనికి టెలిగ్రాం కొట్టు. మర్హూమ్ అనేది మొదటి పేజీలో ఒక్కచోట చాలు, దువా అక్కడే చేస్తారు. ఆ పేజీకి అంకె కూడా వద్దు. ఒకటో అంకె మొదటి పాట దగ్గర పడాలి, అక్కడి నుంచి వట్టి హిల్మీ.

కోడలి దగ్గు తగ్గిందా? ఎండబెట్టిన ములుఖియా ఆకు బస్సులో పంపాను, ముట్టిందా?

అల్లా నిన్నూ పిల్లల్నీ చల్లగా చూడాలి. మీ ఇద్దరికీ పేర్లు పెట్టింది నేనే నాన్నా. వాడి పేరు ముందు ఏ మాటా లేకుండా నన్ను చదువుకోనీ.

మీ అమ్మ,
హనీయా