నీళ్ళ కింది కూసాలు

అక్టోబర్ 19, 2022, బుధవారం

చెరువు నిండి, మిగులు నీళ్ళు మరువ మీదుగా పారుతున్నాయి. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇందులో నీళ్ళు చూడలేదు. ఎండిన చెరువును తలా కొంత దున్నుకున్నారు, కంచెకు రాతి కూసాలు పాతుకున్నారు. మేమూ పాతాం. ఇప్పుడవన్నీ నీళ్ళ కింద. సోలార్ పార్క్‌కు పోయే దారీ మునిగింది.

మా ఆయన రామాంజి బెంగుళూరులో బోట్ క్లబ్ వాచ్‌మన్‌గా చేసి ఈ మధ్యే వచ్చాడు. వాళ్ళు పారేసిన చిన్న తెరచాప పడవను లగేజ్ ఆటోలో తెచ్చుకున్నాడు. వద్దంటే విన్నాడా! ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళను ఇద్దరిద్దరిగా దాటిస్తాడట. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒక్కరికీ ఈత రాదు. నీళ్ళుంటే కదా నేర్చుకునేది!

అక్టోబర్ 22

గాలి బాగుంటే పడవ సర్రున పోతుంది. లోతైన నీళ్ళయితే భయం లేదట. ఈ నడుంలోతు చోట్లలోనే కూసం మొన పడవ అడుగును చీల్చేస్తుందట. గాలి ఎదురైతే ఇటూ అటూ మలుపులు తిప్పుకుంటూ పోవాలి, అప్పుడు ఎక్కడ ఏ కూసం ఉందో కనిపించదు. అందుకని వెదురు గడతో పొడిచి చూసి, దొరికిన ప్రతి కూసానికీ ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ కట్టాడు, నీలం నైలాన్ తాడుతో.

ఊళ్ళో ఒక్కరూ తమ కూసాలు చూపించలేదు. యాడుండాయో ఏమోప్పా, గ్యాపకం లేదు అన్నారట. గట్టు జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునేవాళ్ళకు గ్యాపకం లేదట!

అక్టోబర్ 27

బాటిళ్ళు తగ్గుతున్నాయి.

అక్టోబర్ 28

ఓబన్నే. ఇంకెవరు? పడవ వచ్చాక, చుట్టుదారిన పోయే అతని ఆటో ఎక్కేవాళ్ళు లేరు. నిన్న ఒడ్డున నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఆయనతో చెబితే నవ్వాడు. నీకు అందరి మీదా డౌటే అన్నాడు. అవును, డౌటే. ఆ పడవ ఎక్కేది నేను కదా.

అక్టోబర్ 31, సాయంత్రం

పొద్దున పనికి పోలేదు. ఓబన్నను నడిరోడ్డులో నిలదీశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను హనుమంతరాయుని మీద ఒట్టు పెట్టాడు. నాది మాత్రమే కోసుకున్యా, ఎవురిది వాళ్ళు కోసుకున్యారు అన్నాడు. చెరువు కొలిచేకి సర్వేయర్ వస్తా ఉండాడు కదమ్మా, చెరువును ఎవురెవురు ఆక్రమించినారో మీ ఆయన బాటిళ్ళు కట్టి చూపించినట్టుండాది, ముందు మీ ఇంట్లో చూసుకోపో అన్నాడు.

వచ్చి చూశాను. మా అత్త కెంచమ్మ ఆముదం పోసుకున్న బాటిల్. మెడకు నీలం తాడు. మన కూసం ఒడ్డు దగ్గరే కదా, నేనే దిగి కోసినా, బూమి పోతే ఏం తింటావే అంది.

ఒడ్డుకు పరిగెత్తాను. పడవ అప్పటికే కదిలింది. ఆగమని చేతులూపాను. ఆయన కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు.

సాయంత్రం

ఒడ్డు దగ్గరే అడుగు చీలింది, గాలికి లోతులోకి కొట్టుకుపోయి తిరగబడింది. ఆయన కాలు విరిగింది. పడవ ఎక్కిన ఇద్దరిలో సుంకులమ్మ తెరచాప కొయ్యను పట్టుకుని బతికింది. హనుమక్కను ఓబన్న దూకి లాగాడు. తిట్టిన నోటితోనే అతనికి దండం పెట్టాను. ఆమె హొసకోట ఆసుపత్రిలో ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు.

నవంబర్ 2

హనుమక్క పోయింది.

నవంబర్ 4

పడవకు ఏం తగిలిందని సర్వేయర్, పోలీసులు ఇంటికొచ్చి అడిగారు. బండ అంది మా అత్త. బండే అన్నాడు ఓబన్న. కాలికి కట్టుతో ఆయన కూడా బండే సార్ అన్నాడు, నా వైపు చూడకుండా.

హనుమక్క కూతురు నయన వాకిట్లో నిలబడి ఉంది.

కూసం అన్నాను. మాదే అన్నాను.