గ్రాముల్లో తగ్గిన మందు

చిరంజీవి తమ్ముడికి పెద్దక్క దీవెనలు. దేవుడి దయవల్ల, మీ బావ చెయ్యి తప్ప, ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి నొప్పి అలాగే ఉంది, నేనూ అలాగే నడుస్తున్నాను. కళ్లజోడు సరిపోయింది. మీ బావ నిన్నింకా తూకాల సారు అనే అంటున్నారు. తన కంచంలో ఉప్పు తగ్గించుకోలేనివాడు పశువులకి మందు తగ్గిస్తాడట.

నీ ఉద్యోగంలో భాగంగా మన చుట్టుపక్కల నలభై పాకల్లో ఏడాదికి పశువుకి ఎన్ని గ్రాముల యాంటీబయాటిక్ పడిందో లెక్కగట్టి పక్కపక్కన పెట్టావు. అన్నిటికన్నా తక్కువ మనదే. నిరుటిలో సగం కూడా లేదు. ఎలా తగ్గించావో రాయక్కా, శుక్రవారం రైతుల సభలో చదువుతాను అన్నావు.

తగ్గించలేదురా.

పాత పొడి దూడకి రోజుకి గ్రాము పట్టేది. అది పనిచేయడం మానేశాక మందుల షాపతను కొత్త ఇంజెక్షన్ ఇచ్చాడు. పావు గ్రాము చాలు. మనుషులకి ఇంకేవీ పనిచేయనప్పుడు ఇచ్చే మందని సీసాతో వచ్చిన కాగితంలోనే ఉంది. చదివి, మడిచి పెట్టేశాను. గ్రాములు తగ్గింది మందు మారినందుకేనని నీ పట్టిక చూసినప్పుడే అర్థమైంది. పేరొచ్చింది కదా అని ఊరుకున్నాను. అప్పటినుంచి ప్రార్థనకి కూర్చుంటే నోట మాట రావడం లేదు.

దూడను పట్టుకోబోయి మీ బావ చెయ్యి గీరుకుంది. మూడు వారాలైనా చీము ఆగలేదు. మన ఇంజెక్షన్ మందుకి లొంగని క్రిమి ఆ పుండులో ఉందని పరీక్షలో తేలింది. "మీ పాకలో ఏం వాడతారు?" అని డాక్టరమ్మ అడిగితే ఆయన నా వైపు చూశారు. ఇప్పుడు వేరే మందు ఎక్కిస్తున్నారు. వారం ఆగితే గానీ చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి పాక రిజిస్టరు తీసి, గ్రాములు వదిలేసి, ఎన్ని దూడలకి ఎన్ని రోజులు మందు పడిందో లెక్కవేశాను. అన్ని దూడలవీ కలిపితే నిరుడు నాలుగు వందల పది రోజులు. ఈ ఏడు ఆరు వందల నలభై. నీ పట్టికలో ఈ రోజుల లెక్క కూడా పెట్టు. ఏ మందో రాయించు. అప్పుడు మన పాక ఎక్కడ తేలితే అక్కడే ఉండనీ.

వాడి మూడేళ్ల కష్టం, సభ అయ్యాక చెప్పొచ్చుగా అన్నారు మీ బావ. కానీ పొరుగు పాకలవాళ్లు ఇద్దరు ఇప్పటికే ఆ సీసా మీది పేరు రాసుకుపోయారు. వెళ్లి వద్దని చెప్పాను. "మీకు పేరొచ్చాక మాకు వద్దంటారా అక్కగారూ" అన్నాడొకడు. ఆ మాట పడ్డాను.

శుక్రవారం నేనూ వస్తున్నాను. నీ పైవాళ్ల ముందు నీకు నోరు పెగలకపోతే నన్ను పిలువు. లేచి నేనే చెబుతాను.

ఇట్లు,
నిన్ను ఇరకాటంలో పెట్టిన
నీ పెద్దక్క