నూట పన్నెండు ఆంప్లిఫయర్లు, రెండు జంపఖానాలు

కొత్తవాడ, వరంగల్
నవంబరు 3

గిటారు సామాన్ల దుకాణం సర్వీసు విభాగం వారికి,

కొత్తవాడ నుంచి శకుంతల రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ పెట్టె ఒక్కటే క్షేమంగా లేదు.

ముందుగా ఉత్తరం ఎందుకో చెప్తాను. మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కమన్నారు, తర్వాత నాలుగు నొక్కమన్నారు, ఆ తర్వాత ఒక పాట పెట్టి వెళ్ళిపోయారు. కాగితం మీద రాస్తే ఎవరో ఒకరు చదవక తప్పదు.

మా మనవరాలు కావ్య డిగ్రీ చదువుతోంది, ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. గిటారుకూ స్పీకరుకూ మధ్యన తగిలించే మీ డిజిటల్ పెట్టెను దాని పుట్టినరోజుకు నేనే కొనిపించాను. పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల గొంతులన్నీ అందులో పలుకుతాయని మీ అమ్మకం కుర్రాడు చెప్పాడు. మాది జంపఖానాల వ్యాపారం, ముందుగదే స్టాకు గది. అక్కడైతే రోడ్డు రొద లోపలికి రాదు, ఈ పిల్ల రొద బయటికి పోదు అని ఆ గదే వాయించుకోవడానికి ఇచ్చాను. అక్కడే కూర్చుని మీటలు తిప్పి తిప్పి తనకు నచ్చిన సౌండు పెట్టుకుంది. నాకూ బాగానే అనిపించింది.

పోయిన నెల హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు. కావ్య స్నేహితురాలి అక్క పెళ్ళి సంగీత్. అదే పెట్టె, అదే సౌండు. మొదటి తీగ మీటగానే ముందు వరుస వాళ్ళు చెవులు మూసుకున్నారు. రేకును మేకుతో గీకినట్టుంది. పెళ్ళికొడుకు మేనమామ లేచి, "జర బంద్ చెయ్యి బిడ్డా, పసిపోరలు ఏడుస్తాండ్రు" అన్నాడు.

ఇంటికి రాగానే గిటారు సజ్జ ఎక్కింది. "నేనిగ వాయియ్య బాపమ్మా" అంది కావ్య. డిసెంబరులో కాలేజీ వార్షికోత్సవం ఉంది. అందులో ఇచ్చిన పేరు కొట్టేయిస్తానంటోంది. ఆ లోపల ఈ సౌండు బాగుపడాలి, గిటారు సజ్జ దిగాలి. నాకు కావలసింది అంతే.

ఇట్లు,
బి. శకుంతల

తా.క.: డబ్బా మీద నూట పన్నెండు ఆంప్లిఫయర్లు, అరవై స్పీకర్ క్యాబినెట్లు అని అచ్చు వేశారు. నేను స్వయంగా తనిఖీ చేశాను. పెట్టె ఒకటి, వైరు ఒకటి ఉన్నాయి. మిగతా సరుకు ఎప్పుడు పంపుతారు?

*

హైదరాబాద్
నవంబరు 8

గౌరవనీయులైన శకుంతల గారికి,

సర్వీసు విభాగం నుంచి రమాకాంత్ నమస్కారాలు. చేత్తో రాసిన ఉత్తరం మా విభాగానికి రావడం ఇదే మొదటిసారి. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తేలక మా మేనేజరు గారు సగం పూట ఆలోచించారు.

ఆ నూట పన్నెండూ పెట్టె లోపలే ఉన్నాయండి. అవి నిజం ఆంప్లిఫయర్లు కావు, వాటి గొంతును లెక్కగట్టి అనుకరించే ప్రోగ్రాములు. క్యాబినెట్లూ అంతే.

ఇక కీచు సంగతి. శబ్దానికి పదును పెంచే ట్రెబుల్, ప్రెజెన్స్ అనే మీటలు సగానికి తగ్గించండి. శబ్దాన్ని గరుకు చేసే గెయిన్ ఇంకా తగ్గించండి. హై కట్ అని ఒకటి ఉంటుంది, అది పైస్థాయి కీచును కోసేస్తుంది. క్యాబినెట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎంత మంచి ఆంప్ అయినా కందిరీగల తుట్టెలా మోగుతుంది.

ఒక్క మాట. పెట్టె ఎంత మంచిదైనా, సౌండులో సగం వాయించేవాళ్ళ వేళ్ళలోనే ఉంటుంది.

విధేయుడు,
రమాకాంత్

తా.క.: ఫోనులో పాట గురించి పైవాళ్ళకు చెప్పాను. పాట మార్చారు.

*

కొత్తవాడ
నవంబరు 12

చిరంజీవి రమాకాంత్‌కు ఆశీస్సులు.

వివరంగా రాశావు, సంతోషం. నూట పన్నెండు గురించి నీ జవాబు ఒప్పుకుంటున్నాను. మా వారు కిషన్ రావు గారి ఫోటో గోడకు ఉంది. అందులోంచి దిగి బజారుకు వెళ్ళి కూరలు తెమ్మని మేమూ అడగం.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. క్యాబినెట్ ఆన్‌లోనే ఉంది. నిన్న పదకొండు గంటలకు గిటారును సజ్జ దించి, ముందుగదిలో వాయించి చూడటం జరిగింది. తిరిగి సజ్జ మీద పెట్టడమూ జరిగింది. కీచు పోయింది. దానితో పాటు ప్రాణం కూడా పోయింది. దుప్పటి కప్పుకుని మాట్లాడే మనిషిలా ఉంది. పైగా మధ్యమధ్య టక్, బుర్ అని రెండు చప్పుళ్ళు కొత్తగా వచ్చాయి.

వేళ్ళ మాట రాశావు. మా పిల్ల వేళ్ళకు ఏ లోపమూ లేదు. ఇకమీదట పెట్టె గురించి మాత్రమే రాయి.

ఆశీస్సులతో,
శకుంతల

తా.క.: తీగలు నొక్కితే వేలి కొసలు మండుతాయి కదా, దానికి కొబ్బరినూనె రాయవచ్చా అని మా పక్కింటి రాజక్క అడగమంది. ఊరికే అడిగింది.

*

హైదరాబాద్
నవంబరు 16

అమ్మా,

నమస్కారం. ముందు కీచు, ఇప్పుడు దుప్పటి! ఒకే పెట్టెకు రెండు జబ్బులూ రావడం నేను చూడలేదు. దయచేసి పెట్టెను కొరియర్‌లో పంపండి, నేనే పరీక్షిస్తాను.

తప్పుగా అనుకోకండి. వయసు పైబడినవారికి పైస్థాయి శబ్దాలు కాస్త తక్కువగా వినిపించడం మామూలే. వినేది మీరే అయితే, అది కూడా ఒక కారణం కావచ్చు.

మీ
రమాకాంత్

తా.క.: రాజక్క గారికి చెప్పండి, నూనె వద్దు. తీగలు జారుతాయి. కొన్నాళ్ళకు చర్మమే గట్టిపడుతుంది.

*

కొత్తవాడ
నవంబరు 20

శ్రీ రమాకాంత్ గారికి,

పెట్టె పంపుతున్నాను. దారిలో దెబ్బ తగలకుండా రెండు జంపఖానాల్లో చుట్టాను.

దీనితో పాటు నా చెవుల రిపోర్టు జతపరిచాను. దవాఖానకు వెళ్ళి గాజు గదిలో కూర్చుని, కుయ్‌మన్నప్పుడల్లా వేలు ఎత్తి తెచ్చుకున్నది. డాక్టరమ్మ పద్మలత, "మీ వయసుకు చెవులు మస్తుగున్నయమ్మా. ఎవలతోనన్న పంచాదా?" అని అడిగింది. మీ పేరు చెప్పలేదు.

మీ చెవుల రిపోర్టు కూడా పంపగలరు.

ఇట్లు,
బి. శకుంతల

తా.క.: జంపఖానాలు ప్యాకింగు కోసం మాత్రమే. ఎర్ర అంచుది ఒకటి, నీలం అంచుది ఒకటి. తిరిగి రావాలి.

*

హైదరాబాద్
నవంబరు 25

అమ్మా,

క్షమించండి. నా రిపోర్టు జతపరిచాను. కుడి చెవి మంచిదే. ఎడమ చెవి కాస్త మందమట. ఇరవై ఏళ్ళు స్పీకర్ల పక్కన పనిచేసిన ఫలితం. మా ఆవిడ ఈ రిపోర్టు చూసి, "పిలిస్తే పలకంది ఇందుకా! నేనింకా పొగరనుకున్న" అంది. ఆ విధంగా మీ వల్ల మా ఇంట్లో ఒక పాత తగవు తీరింది.

పెట్టెకు ఏమీ కాలేదు. కావ్య పెట్టుకున్న పాత సౌండు అందులో భద్రంగానే ఉంది. వాయిస్తే నిజంగానే రేకు మీద మేకు. మీరు దుప్పటి అన్నదేమో మా గదిలో చక్కగా, నిండుగా మోగింది. మా మేనేజరు గారు కూడా వచ్చి విని తలూపారు. అదే ఉంచి తిరిగి పంపుతున్నాను. మీ దగ్గర ఎలా ఉందో రికార్డు చేసి పంపండి.

మీ
రమాకాంత్

తా.క.: జంపఖానాలు వెంటనే పంపలేకపోతున్నాను. మా వాళ్ళు వాటిని పరుచుకుని టీ తాగారు. నీలం అంచు దానికి కూడా తాగించారు. ఉతికిస్తున్నాను.

*

కొత్తవాడ
నవంబరు 29

శ్రీ రమాకాంత్ గారికి,

పెట్టె చేరింది. అదే స్పీకరు, అదే వైరు. మళ్ళీ దుప్పటే. మీ మేనేజరు గారి తల గురించి నాకు తెలియదు కాని, చెవుల రిపోర్టు ఆయనది కూడా అవసరమని తోస్తున్నది.

రికార్డింగు పెన్ డ్రైవులో పంపుతున్నాను. నిన్న కావ్య కాలేజీలో పేరు కొట్టేయించడానికి దరఖాస్తు రాసుకుంది. "సంతకం పెట్టు బాపమ్మా" అంది. కళ్ళద్దాలు కనబడటం లేదని చెప్పాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయి. ఇంకెన్నాళ్ళు ఈ అబద్ధం నడపగలను?

ఇట్లు,
శకుంతల

తా.క.: టీ మరకకు సబ్బు వాడకండి. చల్లనీళ్ళు, కాస్త నిమ్మరసం.

*

హైదరాబాద్
డిసెంబరు 4

అమ్మా,

దొరికింది! మీ జంపఖానాలే చెప్పాయి.

నిమ్మరసంతో ఉతికి, రెండింటినీ మా సర్వీసు గదిలోనే గోడల మీద ఆరేశాం. మా గదంతా టైల్సు, అద్దాలు. ఆ పూట వేరే పెట్టె పరీక్షిస్తుంటే శబ్దం ఉన్నట్టుండి మెత్తబడింది. జంపఖానాలు తీశాను, పదునెక్కింది. మళ్ళీ వేశాను, మెత్తబడింది. రెండు జంపఖానాలకే ఇంత తేడా ఉంటే మీ గదిలో ఎన్ని ఉన్నాయమ్మా?

ఆ గదిలో పైస్థాయి శబ్దాన్ని స్టాకు మింగేస్తోంది. చాలడం లేదనుకుని కావ్య ట్రెబుల్ పెంచుతూ పోయింది. ఫంక్షన్ హాల్లో మింగే జంపఖానాలు లేవు, అన్నీ పాలరాళ్ళే. దాంతో పెంచిందంతా జనం చెవుల్లో పడింది. రెండుచోట్లా చప్పట్లు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఎక్కడ వాయించాలో అక్కడే, ఎంత గట్టిగా వాయించాలో అంత గట్టిగా పెట్టి మీటలు సర్దుకోవాలి.

మీ
రమాకాంత్

తా.క.: రికార్డింగు విన్నాను. వద్దన్నా రాస్తున్నాను, కోపగించకండి. ఆ టక్, బుర్ చప్పుళ్ళు పెట్టెవి కావు. అమ్మాయికి ప్రతిభ ఉంది. కాని ఇంకా కొత్త చెయ్యిలా ఉంది.

*

కొత్తవాడ
డిసెంబరు 20

చిరంజీవి రమాకాంత్‌కు, నీ రెండు చెవులకూ సమానంగా ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందుగదిలో చప్పట్లు కొట్టాను. శబ్దం జంపఖానాల్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. కాలేజీ ఆడిటోరియానికి వెళ్ళి కొట్టాను. వెళ్ళిన చప్పుడు నలుగురు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చింది. వాచ్‌మన్, "ఎవలి కోసమమ్మా చప్పట్లు? ప్రోగ్రాంకు ఇంక శాన రోజులున్నయి" అన్నాడు. "మా మనవరాలి కోసం, ముందస్తుగా" అన్నాను.

ఇంటికి వచ్చి ఆఖరి పరీక్షకు కూర్చున్నాను. ఇక దాచను. ఇన్నాళ్ళూ కావ్య కాలేజీకి వెళ్ళగానే రాజక్కతో గిటారు సజ్జ దింపించి వాయిస్తున్నది నేనే. నువ్వు మీటలు తిప్పమన్నావు, తిప్పాక ఎలా ఉందో చూడాలంటే ఎవరో ఒకరు వాయించాలి కదా! వాయియ్యనన్న పిల్లను అడగలేకపోయాను.

ఆ రోజు కావ్యకు క్లాసులు లేక ముందే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎంతసేపు విన్నదో తెలియదు.

"బాపమ్మా! ఏం చేస్తానవ్?"

"పెట్టె తనిఖీ."

"గట్లనా గుంజేది? తీగ తెగుతది! ఫ్రెట్‌కు, గీ అడ్డం కమ్మికి, ఆనించి నొక్కాలె. ఇటియ్యి ముందుగాల, కరాబ్ చేస్తవు."

నా ఒళ్ళోంచి గిటారు లాక్కుంది. నేను చెడగొట్టిన ముక్కను సరిగ్గా ఎలా వాయించాలో చూపించింది. తర్వాత ఇంకొకటి చూపించింది. అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం" అంది. ఆ ఒక్క నిమిషంలో పప్పు రెండుసార్లు వేడి చేశాను. సంతకం కోసం ఉంచిన దరఖాస్తు మీద టీ గ్లాసు పెట్టుకుంది. నేను తీయలేదు.

వార్షికోత్సవం రోజు నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, ఖాళీ ఆడిటోరియంలో గట్టిగా పెట్టి తనే మీటలన్నీ సర్దుకుంది. నా వంతుగా ట్రాలీ ఆటోలో కొంత స్టాకు తీసుకెళ్ళి, వేదిక మీదా వెనక గోడకూ వేయించాను. ఎవరూ చెవులు మూసుకోలేదు. కావ్య దిగి వచ్చి, "సౌండ్ ఎట్లున్నది బాపమ్మా?" అని అడిగింది. బాగుంది అన్నాను. మళ్ళీ చప్పట్లు కొట్టాను, ఈసారి ముందస్తుగా కాదు.

సౌండులో సగం వేళ్ళలో ఉంటుందని నువ్వు మొదటే రాశావు. నిజమే నాయనా. ఆ వేళ్ళు నావి.

నీ
శకుంతలమ్మ

తా.క. 1: "అమ్మాయికి ప్రతిభ ఉంది" అని రాసిన వాక్యం కింద గీత గీసి దాచుకున్నాను. "కొత్త చెయ్యి" అన్న వాక్యం అవసరం లేదు కనుక కొట్టేశాను.

తా.క. 2: ఆ రెండు జంపఖానాలు ఇక పంపవద్దు. మరో రెండు పంపుతున్నాను. గోడలు నాలుగు కదా!

తా.క. 3: కావ్య నాకు రోజూ పాఠం చెబుతోంది. చాలా కఠినమైన టీచరు, ఎవరి పోలికో తెలియదు. నూట పన్నెండింటిలో నన్ను ఇంకా మొదటిది దాటనివ్వడం లేదు.