రెండో కొవ్వొత్తి

నవంబరు 2, 1983. రాత్రి.

సమాధుల పండగ కదా, అమ్మా నేనూ ఓడలరేవు వెళ్ళొచ్చాం.

ఏళ్ళ కిందట తల వెనక కత్తి వేటుతో అక్కడి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓ శవాన్ని అక్కడే పాతిపెట్టారు; దానికి ముఖమే మిగల్లేదు. ఎవరిదో, ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు. తప్పిపోయిన మా అన్నయ్యేనని అమ్మ అంటుంది. కాదు, తప్పిపోయిన తన కొడుకని రాజోలు మరియమ్మగారు. ఏటా ఇద్దరూ ఆ ఒక్క సమాధి మీదే చెరో కొవ్వొత్తి వెలిగించి, మాటామాటా అనుకునేవారు.

ఈసారి ఆవిడ ఉత్త చేతులతో వచ్చారు.

"మావాడు మొన్న ఇంటికొచ్చేడండీ, అక్కగారూ. ఇన్నేళ్ళూ బొంబాయిలో ఉన్నాడంట. మీతో ఊరికే పోట్లాడేను."

"ఆయ్, మంచి మాట చెప్పేరండీ," అంది అమ్మ.

బస్సులో మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సమాధి మనదేనని అంత పట్టుపట్టిన మనిషి!

పడుకునే ముందు వీధి తలుపు గడియ అమ్మే వేసింది. ఇన్నేళ్ళూ నన్ను వెయ్యనిచ్చేది కాదు, రాత్రి ఏ వేళప్పుడో వాడొస్తే ఎలా అని.

ఆ శవం మరియమ్మగారి కొడుకుది కానంత మాత్రాన మా అన్నయ్యదే అవ్వాలా? మూడో తల్లి ఎవరో ఉండాలని కోరుకుంటున్నాను. పాపమే.

అమ్మ నిద్రపోయాక లేచి, చప్పుడు కాకుండా గడియ తీసొచ్చాను.