తువ్వాలు కింద నెట్ బేరం

నాయనా,

నువ్వు పోయి ఏడాదయింది. ఇంటికి నెట్ పెడతామని నిన్న మదనపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. వంద స్పీడు, మూడు నెలలు ఫ్రీ అన్నాడు. పళ్లు చూడకుండా నువ్వు ఏనాడైనా గొర్రెను కొన్నావా? నేనూ కాగితం తిప్పి చూశాను. ఏడాది దాకా కనెక్షన్ తీయించకూడదని వెనక చిన్న అక్షరాల్లో ఉంది.

"సాయంత్రం పూట కూడా వందే వస్తాదా?"

"వస్తాదమ్మా, నమ్మండి."

నమ్మమన్నాడంటేనే నాకు అనుమానం. పక్కింట్లో వేరే రేటు చెప్పాడట. సంతలో పక్కవాళ్లకు రేటు తెలియకుండా నువ్వు చేతుల మీద కప్పి, కింద వేళ్లు పట్టి బేరమాడే తువ్వాలు తెచ్చి, నా చేతిమీద కప్పుకుని చాచాను.

"ఆఖరి రేటు ఈడ సెప్పప్పా."

అతను తెల్లబోయి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా కాసేపు నేను తువ్వాలు కింద నుంచి చెయ్యి తీయలేదు.